ఇంట్లో పట్టిన గోధుమపిండితో బ్రెడ్డు: నాలుగోసారీ ఇటుకే వచ్చింది

మాధవి_మారతహళ్లి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం ఇంటికి పిండి మర కొన్నాం. 1 హెచ్‌పీ మోటారు, లోపల జాలీలు మార్చుకునే రకం, బయటికి చిన్న బీరువాలా ఉంటుంది. చపాతీలకు బ్రహ్మాండం. మావారు ఇప్పుడు బయట పిండితో చేసిన చపాతీ ముట్టడం లేదు, అదొక కొత్త తలనొప్పి.

గొడవంతా బ్రెడ్డుతోనే. నాలుగు శనివారాలుగా వారానికొకటి చేస్తున్నాను. నాలుగూ ఇటుకలే. నా కొలత ఇదీ: పిండి 500 గ్రాములు, నీళ్లు 300, ఉప్పు 10, ఇన్‌స్టంట్ ఈస్టు 5, రెండు చెంచాల బెల్లం పొడి, కాస్త నూనె. పావుగంట పిసికి గంటన్నర మూతపెట్టి ఉంచుతాను. తర్వాత టిన్నులో సర్ది ఇంకో గంట. ఓటీజీలో 200 డిగ్రీల మీద 40 నిమిషాలు. మైదాతో ఇదే కొలతకు దూదిలా వస్తుంది. ఇంటి పిండితో మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు నిండుగా ఉండి, బయటికొచ్చేసరికి నడుం పడిపోతోంది. కోస్తే లోపల తడితడిగా కత్తికి అంటుకుంటోంది. ఇవాళ్టిది చూసి మా అత్తగారు "తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తుంది, పారేయకు" అన్నారు.

గోధుమలు మా వీధి చివర కొట్టతను "మంచి రకం" అని ఇచ్చినవి, 10 కిలోలు. కడిగి, బాల్కనీలో ఒక పూట ఆరబెట్టి పడతాను. తప్పు ఎక్కడుంది?

యీస్టుమాస్టారు | శనివారం, రాత్రి 10:05

మాధవి గారూ, చూడగానే తెలిసిపోతోంది. నీళ్లు చాలలేదు. 500కి 300 అంటే 60 శాతం, అది మైదా లెక్క. మీ పిండిలో పొట్టు, మొలక (గింజ లోపలి అంకురం) అన్నీ ఉన్నాయి. గింజ బరువులో పొట్టే దాదాపు 14 శాతం ఉంటుంది, అది నీళ్లు తాగుతుంది, నిదానంగా తాగుతుంది. మీరు పిసికేటప్పుడు ముద్ద సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది, అరగంట తర్వాత గట్టిపడుతుంది. 400 గ్రాములు పోయండి. ముందు పిండి, నీళ్లు మాత్రమే కలిపి 40 నిమిషాలు వదిలేసి, తర్వాత ఉప్పు, ఈస్టు వేయండి. ఫ్రాన్సులో రేమోఁ కాల్వెల్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఆటోలైజ్ అంటారు. మన అమ్మలు చపాతీ పిండి కలిపి గంటసేపు తడిగుడ్డ కప్పి ఉంచడం కూడా ఇలాంటిదే, కాకపోతే వాళ్లు పేరు పెట్టలేదు.

కింది_ఫ్లాటు | శనివారం, రాత్రి 10:20

బ్రెడ్డు సంగతి నాకు తెలీదు కానీ ఆ మరలు రాత్రి 9 దాటాక వేయకండి తల్లీ. మా పైన ఒకరున్నారు. ఆదివారం పొద్దున 6 గంటలకు హెలికాప్టర్ దిగుతున్నట్టే ఉంటుంది.

మాధవి_మారతహళ్లి | శనివారం, రాత్రి 10:24

మేం పగలే వేస్తామండీ. కింద నాలుగు రబ్బరు బుషులు, పాత యోగా చాప ముక్క. మీ పైవాళ్లకు ఆ మాట చేరవేయండి.

మాస్టారూ, రేపే చేసి చెప్తాను.

ప్రాచీనగోధుమ | శనివారం, రాత్రి 11:12

మామూలు గోధుమలు వాడటమే మూలకారణం. ఖప్లీ తెచ్చుకోండి. కన్నడంలో జవె గోధి అంటారు, యశ్వంతపురం వైపు కొట్లలో దొరుకుతుంది. వేల ఏళ్ల నాటి గింజ, గ్లూటెన్ అనే జిగురు ప్రొటీనే ఉండదు, అందుకే తేలిగ్గా అరుగుతుంది.

యీస్టుమాస్టారు | శనివారం, రాత్రి 11:30

అయ్యా, ఖప్లీలో గ్లూటెన్ ఉంటుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్న వాళ్లెవరైనా మీ మాట నమ్మి తింటే ఆసుపత్రి పాలవుతారు, దయచేసి అలా రాయకండి. ఉన్న గ్లూటెన్ బలహీనం, సాగుతుంది కానీ నిలబడదు. అందుకే ఖప్లీతో చపాతీ, పాయసం బాగుంటాయి, టిన్నులో పొంగే బ్రెడ్డు మాత్రం కష్టం. ఖప్లీకీ, రవ్వకు వాడే డ్యూరమ్ గోధుమకూ క్రోమోజోములు 28. బ్రెడ్డు గోధుమకు 42. మన బ్రెడ్డు ముద్దకు సాగుడూ, మళ్లీ వెనక్కి లాగే గుణమూ వచ్చేది ఆ ఎక్కువున్న 14లోంచే.

ప్రాచీనగోధుమ | శనివారం, రాత్రి 11:41

సరే, సీలియాక్ మాట వెనక్కి తీసుకుంటున్నా. అరుగుదల మాట మాత్రం నా కడుపు సాక్షి.

మాధవి_మారతహళ్లి | ఆదివారం, సాయంత్రం 6:15

మాస్టారూ, 400 పోశాను. ఇటుక రాలేదు. అంబలి వచ్చింది. చేతికి మోచేతి దాకా అంటుకుంది, గిన్నెలోంచి గరిటెతో టిన్నులోకి తోడాల్సి వచ్చింది. ఓవెన్‌లో ఒక పక్కకి ఒరిగి, పైన బిలం పడింది. మా అత్తగారు ఈసారి ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

యీస్టుమాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:40

80 శాతానికి అంబలి కాకూడదే! పిండిలోనే ఏదో ఉంది.

వేళచ్చేరి_విజయ | ఆదివారం, రాత్రి 7:30

చెన్నై నుంచి అక్కాచెల్లెళ్లకు నమస్కారం. మాధవీ, పిండి మరలోంచి రాగానే వేడి ఎంత ఉంటోంది? నేను ఇదే మరతో మూడేళ్లుగా తిప్పలు పడుతున్నాను. చేత్తో చూసి చెప్పొద్దు, వంటింటి థర్మామీటరు ఉంటే పిండిలో గుచ్చి చూడు.

మాధవి_మారతహళ్లి | ఆదివారం, రాత్రి 8:10

ఇప్పుడే కిలో పట్టి చూశాను. 52 డిగ్రీలు! అదీకాక మధ్యలో రెండుసార్లు ఆగింది, జాలీ తీస్తే అట్టకట్టి ఉంది. ప్రతిసారీ ఇంతే, కొత్త మర కదా సర్దుకుంటుందిలే అనుకున్నాను.

వేళచ్చేరి_విజయ | ఆదివారం, రాత్రి 8:35

దొరికింది దొంగ. 52 డిగ్రీల పిండి అరకిలోకి, 27 డిగ్రీల కుళాయి నీళ్లు 400 గ్రాములు కలిపితే ముద్ద 36 దగ్గర తేలుతుంది. పిసికితే ఇంకా ఎక్కుతుంది. ఆ వేడిలో 5 గ్రాముల ఈస్టు, బెల్లం కూడా ఉంటే అరగంటలో రెట్టింపవుతుంది. నువ్వు గడియారం చూసి గంటన్నర ఉంచావు. అంటే పొంగి, అలిసిపోయి, చతికిలపడ్డ ముద్దను టిన్నులో పెట్టి ఇంకో గంట నిలబడమన్నావు. ఓవెన్‌లో నడుం పడిపోవడం అందుకే.

మా దగ్గర మే నెలలో వంటింట్లోనే 34 ఉంటుంది. నేను ఈస్టు 2 గ్రాములకు మించి వేయను, నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి. పట్టిన పిండిని వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి గంట వదిలేస్తా.

ఇంటి పిండికి ఇంకో సంగతి. మైదాలా రెట్టింపు దాకా ఆగకూడదు. ఒకటిన్నర రెట్లు కాగానే తీసెయ్. పొట్టులోని ఖనిజాలూ, మొలకలోని ఎంజైములూ అన్నీ పచ్చిగా ఉంటాయి కదా, పులుపు చాలా తొందరగా ఎక్కుతుంది.

రాయచూరు_అన్న | ఆదివారం, రాత్రి 9:02

అందరూ పిండి గురించి మాట్లాడుతున్నారు, గింజ గురించి ఎవరూ అడగరేం? మాది రాయచూరు పక్క, ఇంట్లో గిర్ని ఉండేది. మేం గిర్ని అంటాం, మీరు మర అంటారు, ఏదైనా ఒకటే. అక్కా, గోధుమలు కడిగి ఒక పూట ఆరబెట్టా అన్నావు. ఈ జూన్‌లో బెంగళూరులో, బాల్కనీలో, ఒక పూట. ఎండ ఎక్కడుంది అసలు? పది రోజులుగా తుంపర. గింజ పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి అట్లనే ఉంటది. తడిగింజ మరలో పడితే నలగదు, నలిగినంత మేర జాలీకి అట్టకడుతుంది, మోటారు ఆపసోపాలు పడుతుంది. ఆ వేడే నీ 52.

నమ్మకం లేకపోతే గాజు సీసా ఒకటి పొడిగా తుడిచి, గుప్పెడు గోధుమలు, రెండు చెంచాల బాగా ఆరిన మెత్తుప్పు వేసి మూతపెట్టి బాగా గిలకొట్టు. కాసేపు కదపకుండా ఉంచి చూడు. ఉప్పు గోడలకు అంటుకుందంటే గింజలో తేమ 15 శాతం పైనే. పొడిగా కిందికి జారితే పర్వాలేదు.

ఇంకోటి. ఆ గింజల ఫొటో పెట్టు.

తిరగలి_అమ్మమ్మ | సోమవారం, ఉదయం 6:50

నేను బ్రెడ్డు ఎప్పుడూ చేయలేదు. మా అబ్బాయి ఫోనులో ఇది చదివి వినిపించాడు, వాడే టైపు చేస్తున్నాడు. సీసా, ఉప్పు ఎందుకమ్మా? గింజ పంట పెట్టి కొరుకు. టక్కుమని రెండు ముక్కలవ్వాలి. మెత్తగా నొక్కుకుపోయి అప్పచ్చిలా అయితే ఇంకా రెండెండలు కావాలి. మేం వేసవిలో కడిగి డాబా మీద పాత దుప్పటి పరిచి రెండు రోజులు ఎండబెట్టి, సాయంత్రం నీడలో చల్లార్చి, అప్పుడు డబ్బాకెత్తేవాళ్లం. ముసురు రోజుల్లో కడిగేవాళ్లం కాదు. చేటలో చెరిగి, రాళ్లు ఏరి, పొడిగుడ్డతో రుద్దేవాళ్లం.

మా అత్తగారింట్లో తిరగలి ఉండేది. గుప్పెడు గింజలు పోసి నాలుగు తిప్పులు, మళ్లీ గుప్పెడు. ఎక్కువ పోస్తే బరకగా దిగేది, ఆశపడి రెండు గుప్పెళ్లు పోస్తే అత్తగారు చేయి పట్టుకునేవారు. పిండి చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండేది. రాయి నునుపెక్కితే వీధిలో కేకవేసుకుంటూ వచ్చే మనిషితో కక్కు కొట్టించేవాళ్లం. కక్కు కొట్టిన మొదటి రోజు పిండి మాత్రం తినేవాళ్లం కాదు, రాతిపొడి ఉంటుందని పశువులకు పెట్టేవాళ్లం.

మాధవి_మారతహళ్లి | సోమవారం, రాత్రి 8:45

అమ్మమ్మ గారూ, కొరికాను. నొక్కుకుపోయింది. సీసా కూడా చేశాను అన్నా, ఉప్పు గోడలకు చలిమంచులా పట్టేసింది. సిగ్గుగా ఉంది, ఇంజినీరునని చెప్పుకుంటాను.

ఫొటో కింద పెట్టాను. గింజ పొడుగ్గా, తేనెరంగులో, అటువైపు వెలుతురు కనిపిస్తుందేమో అన్నట్టు ఉంది. కొట్టతను ఇవాళ అడిగితే "ఇది ఉప్మాకు సూపరు మేడమ్" అన్నాడు.

రాయచూరు_అన్న | సోమవారం, రాత్రి 9:10

ఫొటో చూస్తే బన్సీ లాగే ఉంది. బెంగళూరు కొట్లలో బన్సీ రవ్వ అని అమ్ముతారు కదా, ఆ గోధుమ. డ్యూరమ్ జాతి. ఒక గింజను బ్లేడుతో అడ్డంగా కోసి చూడు. బన్సీ అయితే లోపల గాజుముక్కలా మెరుస్తుంది. మెత్తరకం గోధుమ అయితే లోపల సుద్దలా తెల్లగా ఉంటుంది.

యీస్టుమాస్టారు | సోమవారం, రాత్రి 9:55

రాయచూరు అన్నకు నమస్కారం. నేను నీళ్ల లెక్క చెప్పి గింజ అడగకపోవడం నా తప్పే. మాధవి గారూ, మీ ఆదివారం ముద్ద నా పాపం.

ఇప్పుడు మొత్తం కలిపి చూస్తే ఇలా ఉంది. డ్యూరమ్‌లో ప్రొటీను బాగానే ఉంటుంది, కానీ ఆ గ్లూటెన్ బిగుసుకుంటుంది, గాలిని పట్టుకుని సాగదు. పైగా గింజ గట్టిది. గట్టిగింజను గట్టిగా నలిపినప్పుడు పిండిపదార్థపు రేణువులు పగుళ్లు పోతాయి. పగిలిన రేణువు ఎక్కువ నీళ్లు తాగుతుంది, కాకపోతే ఎంజైములకు అదే సులువుగా చిక్కుతుంది. అవి దాన్ని చక్కెరలుగా విడగొడుతూ పోతే తాగిన నీళ్లన్నీ మళ్లీ బయటికి వస్తాయి. 36 డిగ్రీల్లో గంటన్నర అంటే వాటికి పెళ్లి భోజనమే. ముందు గట్టిగా ఉన్న ముద్ద తర్వాత జారడం, లోపల జిగట మిగలడం అందుకే. మన చక్కీ పిండిలో ఈ పగుళ్లు ఎక్కువే, చపాతీ మెత్తగా ఉండటానికి అదే సాయం. చపాతీకి వరమైనది బ్రెడ్డుకు శాపం.

తడి వల్ల నీళ్ల లెక్కలో తేడా పెద్దదేం కాదు, 500 గ్రాముల పిండిలో 20, 25 గ్రాములు. అది మరను వేడెక్కించడమే అసలు నష్టం.

చోడిపిండి | సోమవారం, రాత్రి 10:20

చిన్న సందేహం మాస్టారూ. పెద్ద పెద్ద రోలర్ మిల్లుల్లో గోధుమలకు నీళ్లు చల్లి గంటల తరబడి నానబెట్టి మరీ పడతారని విన్నాను. మరి వాళ్ల మిల్లులు ఆగవేం?

యీస్టుమాస్టారు | సోమవారం, రాత్రి 10:50

మంచి ప్రశ్న. వాళ్లు చేసేది నిజమే, టెంపరింగ్ అంటారు. కానీ వాళ్లకు కావాల్సింది పొట్టును వేరు చేయడం. కొలిచి నీళ్లు పెడితే పొట్టు తోలులా సాగి పెద్ద రేకులుగా ఊడుతుంది, లోపలి తెల్లభాగం మెత్తబడి పొడవుతుంది, జల్లెళ్ల మీద రెండూ విడిపోతాయి. మనకు కావాల్సింది పొట్టుతో సహా మెత్తగా నలగడం. తోలులా సాగే పొట్టు మన జాలీలోంచి దిగదు. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ) ఈ మిల్లింగు విద్య కోసమే ఒక స్కూలు ఉంది, అంత శాస్త్రం ఉంది దీంట్లో. మనం చేట, పన్ను, ఉప్పుసీసాలతో నెట్టుకొస్తున్నాం.

వేళచ్చేరి_విజయ | సోమవారం, రాత్రి 11:05

ముక్కుపురుగు సంగతి కూడా చెప్తాను, మాకు అదే పెద్ద టెన్షన్. ముక్కుపురుగు గుడ్డు గింజ లోపలే పెడుతుంది, కాబట్టి పైన ఎంత ఏరినా లాభం లేదు. తెచ్చిన గోధుమలు కిలో కిలో సంచులుగా కట్టి డీప్ ఫ్రీజర్‌లో 4 రోజులు పెడతాను. అయితే తీసిన వెంటనే సంచి విప్పకూడదు. చెన్నై గాలికి చల్లని గింజ మీద ఒక్క నిమిషంలో చెమట పడుతుంది, కూల్‌డ్రింక్ సీసాకు పట్టినట్టు. మొదట్లో ఇది తెలియక మళ్లీ తడిగింజలే మరలో పోసుకున్నాను. మూతకట్టి ఉండగానే రాత్రంతా బయట ఉంచి, గది వేడికి వచ్చాక విప్పాలి.

ఇంట్లో మర కొనకముందు మా వీధి మావు మిల్లుకు (ఇక్కడ పిండి మిల్లును అలా అంటారు) వెళ్లేదాన్ని. ఒకసారి నాకు ముందు ఎవరో సాంబారు పొడి ఆడించుకున్నారు. ఆ వారం మా బ్రెడ్డు మీద జామ్ రాసుకుంటే ఇడ్లీ సాంబారు తిన్నట్టే ఉంది. మిల్లతను మాత్రం "కొంచెం వాసన ఉంటే రుచి బాగుంటుంది అమ్మా" అన్నాడు.

కింది_ఫ్లాటు | సోమవారం, రాత్రి 11:20

ఇంత కష్టం ఎందుకండీ, కొట్లో బ్రౌన్ బ్రెడ్డు దొరుకుతుంది కదా? వారం రోజులు దూదిలా ఉంటుంది.

ప్రాచీనగోధుమ | సోమవారం, రాత్రి 11:32

ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివారా? చాలావాటిలో మొదటి పేరు మైదా, రంగు మాడ్చిన చక్కెరది. మొన్నటిదాకా పొటాషియం బ్రోమేట్ కూడా వేసేవారు.

యీస్టుమాస్టారు | మంగళవారం, ఉదయం 7:15

మొన్న కాదు, బ్రోమేట్‌ను మన దేశంలో 2016లో నిషేధించారు. దాన్ని ఎందుకు వేసేవారంటే, తాజా పిండిలో గ్లూటెన్ కాస్త బలహీనంగా ఉంటుంది. గాలి తగులుతూ కొన్ని వారాలు నిలవుంటే తానే గట్టిపడుతుంది. అన్ని వారాలు ఆగకుండా ఆ పని అప్పటికప్పుడు చేసే మందు అది. ఇంటి పిండికి ఆ దారీ లేదు, అన్ని వారాలు నిలవబెట్టడానికీ లేదు. మొలకలో నూనె ఉంటుంది, మర ఆడగానే దానికి గాలి తగులుతుంది. వేసవిలో బయట ఉంచితే త్వరలోనే పాత నూనె వాసన, నాలుక చివర చేదు మొదలవుతాయి. నా పద్ధతి: పిండి చల్లారగానే ఆ రోజే వాడతాను, మిగిలింది డబ్బాలో ఫ్రీజర్‌లోకి.

మాధవి గారూ, ఈ వారం లోకవన్ గానీ, షర్బతీ గానీ అడిగి తెచ్చుకోండి. షర్బతీ మధ్యప్రదేశ్ సీహోర్ వైపు గోధుమ, ఖరీదు ఎక్కువ, చపాతీకి రారాజు. బ్రెడ్డుకు నా ఓటు లోకవన్‌కే, డబ్బూ మిగులుతుంది. కడగకండి.

చోడిపిండి | మంగళవారం, ఉదయం 8:00

పనిలోపని నా గోలా వినండి. మాది శ్రీకాకుళం, చోడి అంబలి తాగి పెరిగాం. (రాగులండీ, తెలంగాణ వాళ్లకైతే తైదలు.) వైట్‌ఫీల్డ్‌లో మా ఇంట్లో పిల్లలకు అంబలి ఎక్కదు, బ్రెడ్డులో కలిపి పెడదామని సగానికి సగం వేశాను. మొలకెత్తించి, ఎండబెట్టి, మర పట్టిన చోడిపిండి. కోస్తే లోపల హల్వా.

యీస్టుమాస్టారు | మంగళవారం, ఉదయం 8:25

రాగుల్లో గ్లూటెన్ లేదు కాబట్టి 20 శాతం దాటితే బ్రెడ్డు బరువెక్కుతుంది. అదీ మొలకెత్తని రాగులతో. మొలకెత్తిన వాటిలో పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైము బోలెడంత. అంబలి, మాల్టు పలచగా జారడం దాని చలవే. బ్రెడ్డులో అదే హల్వా చేస్తుంది. మొలకల పిండి అరకిలోకి ఒక చెంచా చాలు, పైపెంకుకు రంగు బాగా వస్తుంది. ఎక్కువ రాగి కావాలంటే మామూలు రాగిపిండిని ముందు నీళ్లలో ఉడికించి సంకటిలా చేసి, చల్లార్చి ముద్దలో కలపండి. తడి నిలుస్తుంది, బ్రెడ్డు రెండో రోజు కూడా పొడిబారదు.

మాధవి_మారతహళ్లి | శనివారం, రాత్రి 10:30

కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

లోకవన్ 5 కిలోలు తెచ్చాను. కడగలేదు. అత్తగారు "కడగని గోధుమలా!" అని ఒక చూపు చూశారు కానీ, అమ్మమ్మ గారి పోస్టు చదివి వినిపించాక తనే చేట తెచ్చి కూర్చున్నారు. చెరుగుతుంటే చేట అంచుకు దుమ్ము, తాలు, రెండు మట్టిగడ్డలు, ఒక నల్లరాయి చేరాయి. ఆవిడ వేళ్లతో చేట వెనక్కి తడుతూ గింజను ముందుకు తోసే తీరు నేను పదిసార్లు చేసినా రాలేదు, సగం గింజలు నేల మీద. పొడిగుడ్డతో రుద్దితే గుడ్డ మట్టిరంగుకు తిరిగింది. కొరికితే టక్కుమంది.

పిండి 41 డిగ్రీల దగ్గర దిగింది. మర ఒక్కసారి కూడా ఆగలేదు, శబ్దం కూడా మారింది, ముక్కుతూ కాకుండా ఒకే శ్రుతిలో పోయింది. పళ్లెంలో పరిచి గంట ఆగితే 29కి వచ్చింది. మామూలు నీళ్లు 390 గ్రాములు పోసి 40 నిమిషాలు వదిలేశాను. తిరిగి వచ్చి చూస్తే నేను వదిలిన ముద్ద అది కాదు. వదిలినప్పుడు తడి ఇసుకలా ఉంది. ఇప్పుడు వేలుతో లాగితే పొరలా వస్తోంది, మధ్యలో పొట్టు చుక్కలు కనిపిస్తున్నాయి. ఉప్పు 9 గ్రాములు, ఈస్టు 3, బెల్లం ఒక చెంచా, నూనె 15. చేతులు తడిచేసుకుని 8 నిమిషాలు పిసికాను, పొడిపిండి చల్లలేదు.

గడియారం అవతల పెట్టేసి, గాజు గిన్నె పక్కన రబ్బరు బ్యాండు వేసి చూశాను. ఒకటిన్నర రెట్లు రావడానికి 65 నిమిషాలు. టిన్నులో 40 నిమిషాలు, అంచును దాటి బొటనవేలి గోరంత పైకి వచ్చాక ఓవెన్‌లోకి. 200 మీద 40 నిమిషాలు. లోపల 95 డిగ్రీలు చూపించింది, నెట్‌లో ఎక్కడో 98 రావాలని చదివి ఇంకో 10 నిమిషాలు ఉంచబోయాను.

నడుం నిలబడింది. ఎత్తు 9 సెంటీమీటర్లు, స్కేలు పెట్టి కొలిచాను.

యీస్టుమాస్టారు | శనివారం, రాత్రి 10:48

భేష్! 98 కోసం ఉంచకపోవడం మంచిదైంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లే 97 దగ్గర మరుగుతాయి. 98 కోసం కూర్చుంటే బ్రెడ్డు రస్కు అవుతుంది. విజయ గారికి చెన్నైలో అయితే ఆ అంకె వస్తుంది.

కోశారా?

మాధవి_మారతహళ్లి | శనివారం, రాత్రి 10:52

లేదు. పిల్లలు రెండుసార్లు కత్తి తెచ్చారు, దాచేశాను. రేపు పొద్దున.

రాయచూరు_అన్న | శనివారం, రాత్రి 11:00

ఆ మిగిలిన బన్సీ పారేయకు అక్కా. బాగా ఎండబెట్టి, పెద్ద జాలీ వేసి రవ్వ పట్టు. ఉప్మాకు సూపరని కొట్టతను చెప్పింది అబద్ధం కాదు.

మాధవి_మారతహళ్లి | ఆదివారం, ఉదయం 8:05

కోశాను. లోపల మైదా బ్రెడ్డంత గుల్ల లేదు, చిన్న చిన్న కళ్లు, సమంగా. కత్తికి అంటలేదు. వేపిన గోధుమ వాసన, కొంచెం తీపి. మావారు వెన్న రాసుకుని మూడు ముక్కలు తిన్నారు. అత్తగారు ఒక ముక్క టీలో ముంచారు, అది విరిగి టీలో పడలేదు. "పర్వాలేదే" అన్నారు.

పొట్టు ఇంకాస్త గొంతుకు తగులుతోంది. దానికేం చేయాలి?

వేళచ్చేరి_విజయ | ఆదివారం, ఉదయం 8:40

పిండిని సన్నజల్లెడ పట్టు. పైన మిగిలిన పొట్టుకు దాని బరువుకు రెట్టింపు మరుగునీళ్లు పోసి మూతపెట్టి చల్లారనివ్వు. ముద్ద పిసకడం అయ్యాక చివర్లో కలుపు. ఆ నీళ్లు మొత్తం లెక్కలోంచి తగ్గించు, లేకపోతే మళ్లీ అంబలే. కొందరు ఆ పొట్టును మళ్లీ మరలో వేస్తారు, నాకైతే అది వేడెక్కి చేదు తగిలింది.

టిన్ను సైజు ఎంత? మూత ఉన్నదా?

మాధవి_మారతహళ్లి | ఆదివారం, ఉదయం 8:44

9 అంగుళాల పొడవు, 4 వెడల్పు, 4 లోతు. మూత ఉంది కానీ పెట్టలేదు.